తూర్పు మీట

భట్టిప్రోలులో పాల క్యాన్లు ఎక్కించే చప్పుడికి కళ్ళు తెరిచిన బర్నబాసు, వేమూరు వచ్చేలోగా మళ్ళీ మూసేసుకున్నాడు. రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే పొద్దుటి పాసింజరులో కిటికీ పక్క సీటు అతనిది. ఎవరూ రాసివ్వలేదు గానీ, ఇన్నేళ్ళలో ఎవరూ అందులో కూర్చోనూ లేదు. ఒళ్ళో టిఫిన్ క్యారియర్, దాని మీద చేతిసంచి, సంచి మీద రెండు చేతులు. వేళ్ళ మీద సోల్డరింగ్‌లో కాలిన మచ్చలు చుక్కలు చుక్కలుగా తెల్లబడి ఉంటాయి. యాభై దాటకుండానే మెడ ముందుకు వంగిపోయింది. రోజంతా కంప్యూటర్ తెరలోకి తొంగి చూసేవాడి మెడ వంగక ఏం చేస్తుంది? రాత్రి నిద్ర చాలలేదు. అసలు ఎప్పుడు చాలిందో కూడా గుర్తులేదు.

అతను చేసే పనేమిటో రేపల్లెలో ఎవరికీ తెలియదు. కంప్యూటర్ పనని మాత్రం తెలుసు. అందుకని చర్చిలో ఎవరి ఇంట్లో పెళ్ళి కుదిరినా శుభలేఖ కొట్టిపెట్టమని అతని దగ్గరికే వస్తారు. తనది అలాంటి పని కాదని మొదట్లో చెప్పేవాడు. తర్వాత చెప్పడం మానేసి, తెనాలిలో ప్రెస్సు వాడికి డబ్బిచ్చి కొట్టించుకొచ్చి ఇచ్చేవాడు. అదే తేలిక. భార్య పుష్పలత కూడా పక్కింటివాళ్ళతో "మిషన్లకి కంప్యూటర్ పెడతారండి" అంటుంది. ఆ ముక్క నిజానికి చాలా దగ్గరగానే ఉంది.

ఇనుము కోసే మిల్లింగ్ మిషను మీద ఒక బల్ల ఉంటుంది. కోయాల్సిన ఇనుప పలకని దాని మీద బిగించి, చక్రాలు తిప్పుతూ బల్లని అటూ ఇటూ జరుపుతుంటే పైనున్న కట్టరు కోసుకుపోతుంది. ఆ చక్రాలను మనిషి బదులు మోటార్ల చేత తిప్పించడం, ఏ మోటారు ఎంత తిరగాలో కంప్యూటర్ చేత చెప్పించడం బర్నబాసు పని. కంప్యూటర్‌కీ మోటార్లకీ మధ్య అరచేతంత కార్డు ఒకటి ఉంటుంది, ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేట్టు చెప్పే దుబాసీ లాగా. బాపట్లలో రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు నడవక మూసేసే రోజుల్లో పూర్ణచంద్రరావు గారు అతన్ని తెనాలి తీసుకొచ్చారు. ఆయనది మాగాణి కుటుంబం. బియ్యం మిల్లులకు కావలసిన సామాన్లు తయారుచేసే వర్క్‌షాపు పెట్టారు. అక్కడే పుస్తకాలు చూసి నేర్చుకుని, ఉన్న పాత మిషనుకే మోటార్లు తగిలించి, ప్రోగ్రాం రాసుకొచ్చాడు బర్నబాసు. ఎనిమిదేళ్ళు నడిచింది. మొన్న వేసవిలో పిడుగుకి కార్డు మాడిపోయింది. చేసిన కంపెనీ బెంగుళూరులో ఎప్పుడో మూతపడింది. కొత్త కార్డు వచ్చింది గానీ దాని భాష వేరు. పాత ప్రోగ్రాముకి ఆ భాష నేర్పడంలోనే వానాకాలం సగం గడిచిపోయింది. ఇవాళ సోమవారం. మొదటిసారి మిషను మీద పెట్టి చూడాలి.

సాయంత్రానికల్లా నడవాలి కూడా. నడవకపోతే కార్డుతో పాటు వచ్చిన ఇంగ్లీషు ప్రోగ్రామే వేసుకుంటామని, అది తెలిసిన ఆపరేటరు గుంటూరులో ఉన్నాడని పూర్ణచంద్రరావు గారు శనివారమే చెప్పేశారు. ఆయన కోపంగా చెప్పలేదు. పొన్నూరు మిల్లువాళ్ళు జల్లెడ పలకల కోసం రోజూ ఫోన్ చేస్తున్నారు మరి. గుంటూరు ఆపరేటరు వస్తే చెంచురామయ్యతో పనుండదు. అదీ బర్నబాసుకి నిద్ర పట్టనివ్వని సంగతి.

చెంచురామయ్య ఆ మిషనుకి పెనిమిటి లాంటివాడని షాపులో అందరూ వేళాకోళం చేస్తారు. సంగం జాగర్లమూడి నుంచి రోజూ రైల్లో వస్తాడు. అరవై దాటాయి. పొడుగు మనిషి, సోడాబుడ్డి కళ్ళద్దాలు, ఎంత తోమినా పోని ఇనుపమసి గోళ్ళ కింద. మోటార్లు రాకముందు చక్రాలు తిప్పింది ఆయనే. ఆయన నోట కుడి, ఎడమ అన్న మాటలు రావు. "స్పానరు నీకు దక్షిణం పక్కనే ఉంది చూడు" అంటాడు. టీ గ్లాసుని కాస్త పడమటికి జరపమంటాడు. చొక్కా బొత్తాం ఊడితే ఉత్తరపు బొత్తాం ఊడిందంటాడని కూడా చెప్పుకుంటారు, అది మాత్రం అబద్ధం.

మోటార్లు పెట్టిన కొత్తలో తెర మీద ఇంగ్లీషు అక్షరాలు చూసి ముసలాయన బిక్కమొహం వేశాడు. కుడి, ఎడమ అని మార్చి పెడితే, మనిషి తిరిగితే కుడి ఎడమలు మారిపోతాయి నాయనా, దిక్కులు మారవు అన్నాడు. బర్నబాసు ఆలోచించాడు. తెలుగు అక్షరాలను చుక్క చుక్కా పేర్చి గీసి, తెర మీద తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం వచ్చేట్టు చేశాడు. ఇంట్లో పడున్న ప్లాస్టిక్ సబ్బుపెట్టె ఒకటి తెచ్చి, మూతకి నాలుగు బెజ్జాలు పెట్టి, నాలుగు మీటలు బిగించి, తీగతో మిషను పక్కన వేలాడదీశాడు. కుడి మీట మీద 'తూ', పై మీట మీద 'ఉ', ఎడమ దాని మీద 'ప', కింది దాని మీద 'ద'. కాగితం ముక్కలు అంటించి పైన టేపు వేశాడు. మిషను ముందు నిలబడితే ముఖం ఉత్తరానికి ఉంటుంది కాబట్టి లెక్క సరిపోయింది. "తూర్పు నొక్కు బాబాయ్, తూర్పుకే పోతుంది. నాదీ పూచీ" అన్నాడు ఆ రోజు. పోయింది. ముసలాయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. బర్నబాసు జీవితంలో ఒకళ్ళు అతని పని చూసి అలా నవ్వడం అదొక్కసారే.

షాపులో అడుగుపెట్టి చూస్తే, మిషను ఉండాల్సిన తీరులో లేదు. ఆదివారం బర్నబాసు చర్చిలో కూర్చున్న వేళ, పూర్ణచంద్రరావు గారి బావమరిది ఒక వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చాడట. పిడుగు ఊరికే పడదని, పనిచేసే మనిషి ముఖం తూర్పుకి ఉండాలని ఆయన సెలవిచ్చాడట. పదిమంది పట్టి, కింద గొట్టాలు దొర్లించి, గడ్డపారలతో ఎత్తి మిషనుని తిప్పి పెట్టారు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది బర్నబాసుకి. కేబుళ్ళు చాలలేదు. తిట్టుకుంటూ వాటికి అతుకులు వేసేసరికి టిఫిన్ల వేళ దాటింది. చొక్కా వీపంతా తడిసిపోయింది.

కంప్యూటరు దుమ్ము పడకుండా ప్లైవుడ్ గదిలో ఉంటుంది. దానికున్న అద్దం నూనెచిత్తడి పట్టి, అవతల మనిషి నీడలా తప్ప కనపడడు. బర్నబాసు లోపల కూర్చున్నాడు. చెంచురామయ్య సబ్బుపెట్టె పట్టుకుని బయట నిలబడ్డాడు. ప్రోగ్రాం కొత్త కార్డుని పలకరించింది. కార్డు బదులిచ్చింది. మోటార్లు చిన్నగా మూలిగి బిగుసుకున్నాయి. బర్నబాసు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుని, తూర్పు నొక్కమన్నాడు.

"దక్షిణానికి పోతంది నాయనా."

ఉత్తరం నొక్కమన్నాడు. తూర్పుకి పోతోందని జవాబొచ్చింది. పడమర నొక్కితే ఉత్తరానికి, దక్షిణం నొక్కితే పడమరకి.

కొత్తగా రాసినవాడికి అనుమానమంతా తను రాసినదాని మీదే ఉంటుంది. ఒక మోటారుకి చెప్పాల్సింది ఇంకో మోటారుకి చెబుతున్నాను కాబోలు అనుకున్నాడు బర్నబాసు. తీగలు చూశాడు, కార్డు పుస్తకం తిరగేశాడు. చివరికి ప్రోగ్రాములోనే రెండు మోటార్లనూ అటుదిటు, ఇటుదటు మార్చి, ఒకదాన్ని ఎదురు తిరిగేట్టు చేశాడు. మళ్ళీ నొక్కమన్నాడు. ఈసారి తూర్పు నొక్కితే తూర్పుకి, ఉత్తరం నొక్కితే ఉత్తరానికి చక్కగా పోయింది. ముసలాయన గొంతులో సంతోషం లోపలికి వినపడింది. అన్నాలు తినేటప్పుడు తన గిన్నెలోంచి ఇంత గోంగూర తీసి బర్నబాసు గిన్నెలో వేశాడు.

అన్నాలయ్యాక జల్లెడ పలక బిగించి పని మొదలుపెట్టారు. ఆ బల్ల పక్కలకి చాలా దూరం జరుగుతుంది, ముందు వెనకలకి జానెడే. పలక పొడుగున బెజ్జాలు వేయాల్సిన బల్ల, పక్కకి పోవాల్సింది పోయి ఎదరకి పోయింది. జానెడు కాగానే చివర తగిలి ధడాలున ఆగింది. కట్టరు విరిగి ముక్క రేకు గోడకి తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పూర్ణచంద్రరావు గారు ఆఫీసు గదిలోంచి వచ్చి, విరిగిన కట్టరు చూసి, గడియారం చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేదనిపించింది బర్నబాసుకి.

మార్చినదంతా మళ్ళీ మొదటికి మార్చాడు. కట్టరు పలకకి తగలకుండా గాలిలోనే తిప్పి చూశాడు. పని సరిగ్గా వచ్చింది. కానీ మీట నొక్కితే, "తూర్పు దక్షిణానికి పోతంది నాయనా" అని మళ్ళీ అదే పాట. మీటలు సరిగ్గా ఉంటే పని తప్పు, పని సరిగ్గా ఉంటే మీటలు తప్పు. ఒకే ప్రోగ్రాము, ఒకే కార్డు, ఒకే మిషను. బర్నబాసు బుర్రలో ఏదో చిన్న కీలు అరిగిపోయి ఊరికే తిరుగుతోంది. మూడుసార్లు మార్చాడో నాలుగుసార్లో అతనికే తెలియదు. మెడనొప్పి చెవి వెనక్కి పాకింది. ఇక ఏమైతే అది కానిమ్మని కొత్త కట్టరు పెట్టి పలక కోయించాడు. బెజ్జాలన్నీ గీత గీసినట్టు వచ్చాయి. మిషను సాక్ష్యం చెప్పేసింది. ఇక తప్పు మోయడానికి మిగిలింది ఒక్కరే.

అతను గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. షాపులో అందరూ వింటున్నారు.

"బాబాయ్, మిషను బాగానే ఉంది. నీకే దిక్కులు తెలియట్లేదు."

కోపంగా అనలేదు. అలిసిపోయినవాడు చేతిలో బరువు దబ్బున కింద పెట్టేసినట్టు అన్నాడంతే. చెంచురామయ్య చేతిలో ఉన్న సబ్బుపెట్టె వైపు చూసుకున్నాడు. బల్ల వైపు చూశాడు. "అట్టాగా?" అన్నాడు. పెట్టెని దాని కొక్కేనికి తగిలించాడు. తీగ మెలిపడితే విప్పి మరీ తగిలించాడు.

పూర్ణచంద్రరావు గారు పలకని వెలుగులో పెట్టి చూసి మెచ్చుకున్నారు. ప్రోగ్రాం ఇదే ఉండనివ్వండి బర్నబాసు గారూ అన్నారు. పెద్దాయన విషయం మాత్రం చూశారుగా, గుంటూరు ఆపరేటర్ని రేపు రమ్మన్నాను, పెద్దాయనకి నాలుగు రోజులు విశ్రాంతిగా ఉంటుంది అని, అవతలివాళ్ళకి నొప్పి తగలకుండా చెప్పారు. బర్నబాసు తల ఊపాడు. ముసలాయన అప్పటికే కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, రంపపు పొట్టుతో తుడుచుకుని, క్యారియర్ తీసుకుని వెళ్ళిపోయాడు. రోజూ వెళ్ళొస్తానని చెప్పేవాడు.

స్టేషనులో రేపల్లె బండి ఇంకా రాలేదు. బర్నబాసు బెంచీ మీద కూలబడ్డాడు. గెలిచిన మనిషికి ఉండాల్సిన తేలిక ఒంట్లో ఎక్కడా లేదు. ఎదురు ప్లాట్‌ఫారం చివర, జనానికి ఎడంగా చెంచురామయ్య నిలబడి ఉన్నాడు. ఆయన ఏం చేస్తున్నాడో మొదట అర్థం కాలేదు. పొద్దు వాలుతున్న వైపు ముఖం పెట్టి చూశాడు. క్యారియర్ కింద పెట్టి, సూర్యుడికి వీపు తిప్పి నిలబడ్డాడు. కుడిచెయ్యి బారుగా చాపి ఆ చేతి వంక చూసుకున్నాడు. దించి, ఎడమచెయ్యి చాపాడు. మళ్ళీ కుడిచెయ్యి. ఒకటో తరగతి పిల్లాడు పాఠం అప్పగించుకుంటున్నట్టు పెదవులు కదులుతున్నాయి. చూస్తున్నవాళ్ళు ఉన్నారేమోనని కూడా చూసుకోవడం లేదు.

ఆ పాఠం బర్నబాసూ చదివాడు. రేపల్లె చర్చి బడిలో, ఎండలో వరసగా నిలబెట్టి చెప్పించేవాళ్ళు. తూర్పు ముఖంగా నిలబడితే కుడిచేతి వైపు దక్షిణం.

తూర్పు ముఖంగా నిలబడితే.

అతను లేచి నిలబడ్డాడు. ఆదివారం తిప్పిన మిషను. కేబుళ్ళు చాలక పొద్దున తనే అతుకులు వేసిన మిషను. దాని ముందు నిలబడ్డ మనిషి ముఖం ఇప్పుడు తూర్పుకి ఉంది. కుడికి జరిగిన బల్ల దక్షిణానికే పోతుంది. ముసలాయన రోజంతా చెప్పింది అక్షరాలా అదే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాడు తను. ఎనిమిదేళ్ళుగా తూర్పు, తూర్పు అని రాసీ రాసీ, ఆ మాట అతనికి మీట పేరైపోయింది. అది పొద్దు పొడిచే వైపని మర్చిపోయాడు. నాలుగు కాగితం ముక్కలు ఊడదీసి మార్చి అంటిస్తే పోయేదానికి ఒక మనిషిని తీసేశాడు.

గుంటూరు బండి కూత వినపడింది. రేపల్లె బండి సంగతి మర్చిపోయి, మెట్ల వంతెన మీదుగా పరిగెత్తాడు. ఊపిరి అందక, కదిలే బండిలో ఎక్కి, ముసలాయన ఉన్న పెట్టె దాకా జనాన్ని తోసుకుంటూ పోయాడు. చెంచురామయ్య అతన్ని చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు. "ఇటెక్కావేంటి నాయనా, నీ బండి అది కదా" అన్నాడు. దిక్కు తప్పి ఎక్కాడేమోనని ఆయన భయం.

బర్నబాసు చెప్పాడు. తప్పంతా తనదేనని, మిషనుని తిప్పారు కాబట్టి అలా అయిందని, ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమని చెప్పాడు. చెంచురామయ్య శ్రద్ధగా విన్నాడు.

"మిషన్ని తిప్పారని నాకు తెల్దా? గడ్డపార పట్టినోళ్ళలో నేనూ ఉన్నాగా. మిషను తిరిగితే తూర్పు తిరుగుద్దా నాయనా?"

అంగలకుదురు దాటింది. కిటికీలోంచి వరినాట్ల వాసన వస్తోంది. చెప్పకుండా ఊరుకుంటే ఈ మనిషి తన బుర్ర చెడిపోయిందనే అనుకుంటూ ఇంటికి పోతాడు. చెబితే ఇంకేదో పోతుంది. అది ఏమిటో చెప్పేదాకా బర్నబాసుకి తెలియలేదు.

"కంప్యూటర్‌కి తూర్పు తెలియదు బాబాయ్. దానికి కుడి, ఎడమలే తెలుసు. నేనే కుడికి తూర్పని పేరు పెట్టాను, నీకు తేలిగ్గా ఉంటుందని."

చెంచురామయ్య కళ్ళద్దాలు తీసి పంచె చెరగుతో తుడుచుకున్నాడు. అద్దాలు లేని కళ్ళు చిన్నగా, కొత్తగా ఉన్నాయి.

"అయితే ఇన్నేళ్ళూ నేను నొక్కింది తూర్పు కాదన్నమాట."

"కాదు బాబాయ్."

"పోన్లే. నా బుర్రైతే చెడలేదుగా. పొద్దుటేల్నించీ అదే భయంగా ఉంది. మా నాయన ఆఖర్రోజుల్లో అట్టాగే, మా ఇల్లు ఎటుందో మాకే చెప్పమనేవాడు." ఆయన మొహం నిజంగానే తేటపడింది. అది చూసి బర్నబాసుకి ఏడుపొచ్చినంత పనైంది. రేపే కాగితాలు మార్చి అంటిస్తానని, సార్‌తో తనే మాట్లాడతానని, పొద్దున రమ్మని అడిగాడు. రెండుసార్లు అడిగాడు.

బండి నెమ్మదించింది. సంగం జాగర్లమూడి. చెంచురామయ్య లేచి, క్యారియర్ చేతిలోకి తీసుకుని, రెండో చెయ్యి బర్నబాసు భుజం మీద వేశాడు.

"దానికి దిక్కులు తెలుసనుకునే ఇన్నాళ్ళూ దాని మాట విన్నా నాయనా. తెలీనిదాని కాడ నిలబడి ఇంకేం చేస్తాను? ఎవురో ఒకరు చేస్తార్లే." బండి దిగి, మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చి, అన్నం తిని పడుకో, కళ్ళు పీక్కుపోయాయి అని చెప్పాడు. కాలవగట్టు వైపు నడిచిపోయాడు. ఒక్కసారి కూడా ఆగి దారి చూసుకోలేదు.

మర్నాడు బర్నబాసు మామూలు బండికే వచ్చాడు. పాత కాగితాలు గోటితో గీకి తీశాడు. కుడి మీట మీద 'తూ' అని రాసింది ఎప్పుడో పైనున్న టేపుతో సహా బొటనవేలికి అరిగిపోయి, ఉత్త పసుపు మరక మిగిలింది. కొత్త కాగితం కత్తిరించి నాలుగు అక్షరాలూ రాసి, ఈసారి పై మీట మీద 'తూ' అంటించాడు. తెర మీద పేర్లు కూడా మార్చాడు. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. పై మీట నొక్కి చూశాడు. బల్ల తూర్పుకి పోయింది. జాగర్లమూడి వైపు నుంచి బండి వచ్చే వేళకి షాపు గేటు దాకా వెళ్ళి నిలబడ్డాడు. వచ్చినవాళ్ళలో పొడుగు మనిషి లేడు.

గుంటూరు ఆపరేటరు పదింటికి వచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, మర్యాదస్తుడు, పని తెలిసినవాడు. సబ్బుపెట్టెని చూసి ఎవరు చేశారండి, భలే ఉంది అన్నాడు. ఈ అక్షరాలేంటని మాత్రం అడగలేదు. లోపల కీబోర్డు మీద అన్నీ ఉన్నాయి కదా, దీంతో పనేముందండి అని దాన్ని జాగ్రత్తగా కొక్కేనికి తగిలించాడు. మధ్యాహ్నానికి పొన్నూరు పలకలు నాలుగు పూర్తయ్యాయి. మిషను పక్కన కొక్కేనికి వేలాడుతున్న సబ్బుపెట్టె మీద, పై మీటకి అంటించిన 'తూ' ఎవరి వేలూ తగలక తెల్లగా అలాగే ఉంది.